జట్టు వీధి ఓట్ల పెట్టె

నా ఒక్క మాట మీద నంద్యాల ఊరు ఒకసారి నిలిచిపోయింది. పత్తి మిల్లులు ఆగినాయి, గూడ్సు బండి స్టేషన్లోనే ఆగింది, రెండు వేల మంది పనులు పడేసి నా వెనక నడిచినారు. నా గొంతు విని పోలీసు లారీ వచ్చిన దారినే తిరిగిపోయింది. ఈ సంగతి నేను పెండ్లిళ్ళలో చెప్పినాను, బస్సుల్లో చెప్పినాను, కంటి ఆపరేషన్ అయినాక కట్టు విప్పకముందే పక్క మంచం మనిషికి చెప్పినాను. ఎవరూ కాదనలేదు. కాదనగలిగినవాళ్ళు ఒక్కొక్కరే పోతూ వచ్చినారు గదా, ఆ ధైర్యం.

మరి అంత మాట చెల్లిన మనిషినే, ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక జరిగిన ఎలక్షన్లలో నా సంఘం వాళ్ళు గాలికి వదిలేసినారు. వదిలేసి, సంఘం పేరెత్తితే గేటు మూయించిన మిల్లు ఆసామికి ఓట్లేసినారు. చందా కట్టేది నాకు, ఓటు ఆయనకు. నాకు కోపం వచ్చింది, దాచను. అయితే కోపం ఆ ఎండాకాలం దాకా కూడా నిలవలేదు. ఎందుకు వేసినారబ్బా అనేది మాత్రం పంటిలో ఇరుక్కున్న పీచు మాదిరి ఇన్నేండ్లూ ఉండిపోయింది. నాలుక అక్కడికే పోతుంది.

ముందు జట్టు గురించి చెప్పాల. నేను ఆ పత్తి మిల్లులో ఇంజను కాడ నూనె పోసే పని చేసేవాణ్ణి. పత్తి ఒత్తి, ఇనప పట్టీలు బిగించిన బేళ్ళను మిల్లు నుంచి రైలు వ్యాగన్లకు ఎక్కించేది హమాలీ జట్టు. బేలును రెండు వెదురు బొంగులకు మోకులతో వేలాడగట్టి నలుగురు మోసేవాళ్ళు. నేల మీద నడిచినంతసేపు నలుగురికీ బరువు సమానం. వ్యాగన్లోకి ఏటవాలుగా వేసిన చెక్క పలక ఎక్కేటప్పుడు మాత్రం బరువు వెనకవాళ్ళ మీదికి జారుతుంది. అప్పుడు ముందున్నవాడు జట్టు పెద్దే అయినా సరే నోరు మూసుకోవాల. వెనక బరువు పడినవాడు ఆగమంటే ఆగాల, పదమంటే పోవాల. ఎందుకని అడగకూడదు. అడిగేలోపల వాని నడుము పోతుంది. ఇంకొకటి కూడా ఉండేది. ఎంత కష్టమైనా ఒకణ్ణి బొంగు కింద వదిలేసి పక్కకు తప్పుకోకూడదు. తప్పుకున్నవానితో ఆ తర్వాత ఎవరూ కలిసి సంగటి తినరు.

ఇవి ఎవరూ రాసిపెట్టినవి కావు. నేను సంఘం పెట్టి 'ఐకమత్యం' అని ఉపన్యాసాలు మొదలుపెట్టినప్పుడు, వాళ్ళు బీడీ తాగుతూ నన్ను చూసి ముసిముసిగా నవ్వినారు. ఈత వచ్చినోనికి నీళ్ళ గురించి చెప్పినట్లుండింది కాబోలు.

ఆ మిల్లులో పలక సన్నది. రెండు పాదాలు పక్కపక్కన పెట్టేందుకు చాలదు. ఒక వానాకాలం ఆ పలక మీద కాలు జారి ఒక హమాలీ కిందపడితే తొడ ఎముక విరిగింది. వెడల్పు పలక కావాల, దానికి అడ్డపట్టీలు కొట్టించాల అని మేము అడిగినాము. అదొక్కటే అడిగినాము. ఆసామి, "నా మిల్లులో నా పలక. నచ్చనోళ్ళు ఎగిరి ఎక్కండి" అన్నాడు. మేము పని ఆపినాము. ఆయన ఆళ్లగడ్డ తట్టు తన పల్లెల నుంచి బండ్లలో మనుషులను తోలించినాడు. పాపం వాళ్ళు సేద్యగాళ్ళు, గట్టివాళ్ళే. కానీ బొంగు మోసే అలవాటు లేదు. మొదటి బేలు పలక సగం ఎక్కినాక, ముందున్నవాడు ఒక మాట, వెనకవాడు ఒక మాట అరిచి, నలుగురూ నాలుగు దిక్కులకు దూకినారు. బేలు పోయి పట్టాల పక్క బురదగుంటలో కూర్చుంది. దాన్ని బయటికి లాగేందుకు మా జట్టునే బతిమాలుకోవలసి వచ్చింది. వారం తిరక్కముందే వెడల్పు పలక వచ్చింది.

ఊరు నిలిచిపోవడం అంటే ఇదే. రెండు వేల మంది అన్నాను గదా, నలభై మందికి కొంచెం అటూఇటూ, అందులో నాలుగైదుగురు ఏం జరుగుతాందో చూసేదానికి వచ్చిన పిల్లోళ్ళు. గూడ్సు బండి ఆగింది నిజమే, అది ప్రతి దినమూ ఆగేదే. పోలీసు లారీ వెనక్కి తిరిగింది కూడా నిజమే, దారికి అడ్డంగా ఎవరివో బర్రెలు పడుకోనుండినాయి. నేను ఆ సమయానికి ఒక బండి మీద ఎక్కి మాట్లాడుతుంటిని. లారీ పోవడం చూసి గొంతు పెంచినాను. అంతే నా పాత్ర.

ఇక తమాషా వినండి. వెడల్పు పలక వచ్చిన దినం ఆసామి పంచె మార్చుకుని వచ్చి, పలకకు పసుపు కుంకుమ పెట్టించి, టెంకాయ కొట్టి, "నా పిల్లలు జారిపడితే నా ప్రాణం ఒప్పుతుందా" అన్నాడు. తొడ విరిగినవాడు కర్ర మీద ఆనుకుని, చేతిలో టెంకాయ చిప్పతో నిలబడి, నమస్కారం పెట్టినాడు. నేను వాని వైపు చూస్తే వాడు నా వైపు చూసి చిప్పలో సగం విరిచి ఇచ్చినాడు. తిన్నాను. బాగుండింది.

ఆ తర్వాతి ఎలక్షన్లలో అదే ఆసామి నంద్యాల నుంచి నిలబడినాడు. ఆయన గుర్తు దీపం. మా సంఘం తరపున బయటి ఊరి వకీలు ఒకాయన నిలబడినాడు. ఆయన గుర్తు నిచ్చెన. మంచివాడు, చదువుకున్నవాడు. ఉపన్యాసం మొదలుపెడితే ఆపడం మాత్రం చేతకాదు.

జట్టులో నాకు అందరికంటే దగ్గరివాడు ఒకడుండినాడు. ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు కాబట్టి అందరూ ఆళ్లగడ్డాయన అనేవాళ్ళు. నాకంటే రెండు మూడేండ్లు పెద్ద, నేను అన్నా అనేవాణ్ణి. ఆయన తమ్ముడు ఒక కాలు ఈడ్చేవాడు, కూలికి పోలేడు. ఊర్లోనే ఒక చేను కోరుకు చేసుకుంటూ, అంటే పంటలో భాగం ఇచ్చే ఒప్పందం మీద దున్నుకుంటూ, ముసలి తల్లిని సాకుతుండినాడు. ఆ చేను మా మిల్లు ఆసామిదే. ఎలక్షన్లు దగ్గర పడినప్పుడు ఆసామి సేద్యం చూసే మనిషి చేని గట్టు మీదికి వచ్చి, "నంద్యాలలో మీ అన్న వీధి పెట్టెను కూడా విప్పుతారురా. అందులో ఏముందో చూస్తాం" అని చెప్పి పోయినాడంట. చేను పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇది జట్టులో అందరికీ తెలిసిన సంగతే.

ఇప్పటి పిల్లలకు పెట్టె సంగతి చెప్పాల. ఆ కాలంలో ఒకే కాగితం మీద అందరి గుర్తులూ ఉండి ముద్ర కొట్టేది కాదు. తెర వెనక బల్ల మీద ఒక్కొక్కరికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించేవాళ్ళు. మనకిచ్చిన చీటీ మనకు కావలసిన పెట్టెలో వేసి రావాల. ఏ బూతు పెట్టెలు ఆ బూతువే, విడిగా విప్పేది. కాబట్టి ఏ వీధి ఎటు పోయిందీ ఊరంతటికీ తెలిసిపోయేది.

నాకు ఒక ఉపాయం తోచింది. చాలా గొప్పగా తోచింది. ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డాయన ఇంటికి పోయినాను. అరుగు మీద జట్టువాళ్ళు నలుగురు కూర్చోనున్నారు. వాకిట్లో వదిన జొన్నరొట్టె తడుతుండింది.

"అన్నా, నువ్వేం దిగులు పెట్టుకోవద్దు" అన్నాను. "నువ్వూ వదినా పోయి దీపం పెట్టెలో వేసేయండి. మేమంతా నిచ్చెనకే. దీపం పెట్టెలో రెండు చీటీలు కనిపిస్తే అవి మీవేనని ఆసామికి అర్థమైపోతుంది. నీ తమ్ముని చేను నిలుస్తుంది. సంఘానికి రెండు ఓట్లు పోతే పోనీ. నేను సెక్రటరీగా చెప్తాండా, నిన్ను ఒక్క మాట ఎవరైనా అంటే నన్ను అడుగు."

ఆళ్లగడ్డాయన తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. అరుగు మీది జట్టు పెద్ద నా వైపు చూసి, వీధి వైపు చూసి, ఉమ్మేసి వచ్చినాడు. వదిన రొట్టె తిప్పుతూ అడిగింది, "రొట్టె తిని పోతావా అబ్బీ, ఊరికే పోతావా?"

తిన్నాను. నా ఉదారబుద్ధికి వాళ్ళ నోట మాట రాలేదు అనుకుంటూ తిన్నాను.

ఓట్ల దినం మిషన్ బడిలో బూతు. నేనూ హమాలీలూ ఉండే జట్టు వీధి అంతా ఉతికిన బట్టలు కట్టుకుని, పెండ్లికి పోయినట్లు పోయినారు. మా వీధిలో సగం కిరస్తానీ ఇండ్లు. ఆడోళ్ళు ప్రార్థనకు కట్టే తెల్లచీరల్లో వచ్చినారు. నేను చొక్కాకు నిచ్చెన బిళ్ళ తగిలించుకుని గేటు కాడ నిలబడి, ఒక్కొక్కరి మొగం చూస్తుంటే అందరూ నన్ను చూసి నవ్వినారు. తొడ విరిగినవాడు, "ఏందప్పా, అట్ల సూస్తాండావు, పెండ్లికొడుకు మాదిరి?" అన్నాడు. మా అమ్మ వచ్చి, "నిచ్చెన యాడుందిరా, కుడిపక్కనా ఎడమపక్కనా?" అని అందరూ వినేట్టు అడిగింది. నేను చెప్పినాను.

పెట్టెలు విప్పే దినం తాలూకాఫీసుకు పోయినాను. మా బూతు వంతు వచ్చింది. ముందు దీపం పెట్టె విప్పి బల్ల మీద బోర్లించినారు. బస్తా విప్పితే వేరుశెనగ బుడ్డలు పడినట్లు చీటీలు పడినాయి. పొరపాటున నిచ్చెన పెట్టె ముందు విప్పినారేమో అని గుర్తు చూసినాను. దీపమే. తర్వాత నిచ్చెన పెట్టె బోర్లించినారు. లెక్క చూసే ఆఫీసరు పెట్టె అడుగున అరచేత్తో ఒకటి కొట్టినాడు. రెండు చీటీలు పడినాయి.

ఒకటి నాది. ఒకటి మా అమ్మది.

ఎదుటి ఏజెంటు వంగి చూసి, "అమ్మా కొడుకూ ఆరోగ్యంగా ఉన్నారు" అన్నాడు. తాలూకాఫీసంతా నవ్వింది. నేను ఇంటికి వచ్చేలోపల ఆ మాట నాకంటే ముందు మా వీధికి వచ్చి కూర్చోనుంది. చాలా దినాలు బజారులో ఎవరు కనిపించినా, "అమ్మ బాగుందా?" అని అడిగేవాళ్ళు. అందులో తప్పు పట్టేదానికి ఏమీ ఉండదు. అందుకే ఇంకా మండేది.

మా వీధి వల్లనే ఆసామి గెలిచినాడని నేను కొన్నాళ్ళు చెప్పుకున్నాను. ఓడినా మన వల్లనే ఓడినామంటే అదొక గొప్ప గదా. అది కూడా నిజం కాదు. మా వీధి మొత్తం నిచ్చెన ఎక్కినా ఆయన గెలిచేవాడే.

మరుసటి దినం వ్యాగన్ కాడికి పోయి, ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగినాను. తిట్టేదానికి కాదు. నిజంగా తెలుసుకోవాలనే.

తొడ విరిగినవాడు చెప్పినాడు, "పలక ఇచ్చింది ఆయనే గదప్పా."

"నీ పాసుగూల, మనం పని ఆపితే గదరా ఇచ్చింది!"

"ఆపింది మనం. ఇచ్చింది ఆయన. రెండూ నిజమే గదా."

ఇంకొకడు బొంగు తుడుచుకుంటూ అన్నాడు, "సంఘం పనికొచ్చేది గేటు లోపలికే. గేటు బయట పోలీసు స్టేషనుండాది, ఆసుపత్రుండాది, ఆడ మీ వకీలు నా పేరు అడిగితే చెప్పగలడా?"

"ఆసామి చెప్పగలడా?"

"చెప్పల్యాడు. కానీ మా నాయన పేరు చెప్తాడు."

కిరస్తానీ ఇండ్ల చివర ఉండేవాడు మాత్రం నవ్వుతూ, "మీ వకీలు ఉపన్యాసానికి నిలబడి నిలబడి నా చెప్పు వారు తెగిందన్నా. చెప్పులు కుట్టేవాడు కూడా దీపానికే వేసినాడంట" అన్నాడు.

ఒక్కరు చెప్పింది కూడా అబద్ధమని నాకు తోచలేదు. కానీ అవన్నీ కలిపినా నిండు పెట్టె కాదు. పలక కోసం పదిమంది వేస్తారు, నాయన పేరు కోసం ఇంకో పదిమంది వేస్తారు. వీధికి వీధి, మొగోళ్ళూ ఆడోళ్ళూ ఒక్కరు తప్పకుండా ఎట్ల వేస్తారు? అందులో, ఆసామి ముందు ఒకసారి కూడా తలొంచని జట్టు పెద్ద ఎట్ల వేస్తాడు? ఆయన కాడికి పోయినాను.

"మామా, నువ్వు చెప్పు. ఎందుకు వేసినారు?"

ఆయన మోకు ముడి వేస్తున్నాడు. తలెత్తకుండానే చెప్పినాడు. "బరువు ఎవని మీద పడితే మాట వానిది. నీకు తెలిసిందే గదా."

"అంటే ఆళ్లగడ్డాయన అడిగినాడా మిమ్మల్ని?"

"అడిగేది ఉంటాదా? పలక మీద ఉన్నోన్ని చూస్తే తెలియదా? పో, ఇంజను అరుస్తాంది, నూనె పోసుకోపో."

నాకు తెలిసిపోయింది అనుకున్నాను. బరువు అంటే ఆ చేను. తమ్ముని చేను పోతుందని వీధి అంతా భయపడి, రెండు చీటీలు చాలవేమో, ఆసామి తృప్తి పడడేమో అని నిండు పెట్టె ఇచ్చినారు. వాళ్ళు సంఘాన్ని వదల్లేదు, సంఘం పద్ధతినే పాటించినారు అని నాకు నేనే వివరించుకుని, మెచ్చుకుని, క్షమించేసినాను. ఎవరూ క్షమాపణ అడగలేదనుకోండి.

అయినా మనసాగక ఒక ఆదివారం బస్సెక్కి ఆళ్లగడ్డకు పోయినాను. రాతిపని చేసేవాళ్ళ ఉలి దెబ్బలు వింటూ బస్టాండులో కాసేపు కూర్చుని, ఆ పల్లెకు నడిచినాను. తమ్ముడు చేన్లోనే ఉన్నాడు, కాలు ఈడుస్తూ గట్టు సరిచేస్తున్నాడు. నల్లరేగడి, మంచి చేను. తల్లి గట్టు మీద కూర్చుని మేకను పట్టుకోనుంది.

"చేనుకేం భయం లేదు గదా?" అని అడిగినాను.

"ల్యాదన్నా. ఆ మనిషి మళ్ళీ వచ్చి, మీ అన్న గట్టోడే, వీధి వీధినే మలిపినాడు అని చెప్పి పోయినాడు" అని నవ్వినాడు. తర్వాత అడిగినాడు. "మా అన్నకు అంత పలుకుబడి యాడిదన్నా? ఇంట్లో ఎద్దు కూడా ఆయన మాట ఇనదు."

అప్పుడు కూడా నాకు వెలగలేదు. చేను నిలిచింది, అంతే చాలుననుకుని, వాళ్ళ తల్లి ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేసినాను.

ఆ తర్వాత నేను అయిదారేండ్లు ఆ మిల్లులోనే ఉన్నాను. ఒక్కడు కూడా సంఘం వదల్లేదు. వేసవిలో నీళ్ళ తొట్టి కోసం మళ్ళీ పని ఆపినప్పుడు అందరికంటే ముందు బొంగు కింద పెట్టింది జట్టు పెద్దే. నన్నే మళ్ళీ సెక్రటరీని చేసినారు. చేతులెత్తి, "అమ్మను కూడా మెంబరుగా చేర్చుకుందామప్పా" అని నవ్వి మరీ చేసినారు. మళ్ళీ ఎలక్షన్లు వచ్చినప్పుడు ఎటు వేసినారో నేను అడగలేదు. వీధిలో ఎవరి ఇంటి ముందరా ఏమీ మాట్లాడలేదు కూడా. ఆ తూరి మా వీధి నిచ్చెన పెట్టె తేలికగా ఏమీ లేదు. నిండుగా అంటే మళ్ళీ పెంచినట్లవుతుంది, సగం కంటే కొంచెం పైనే అనుకోండి.

ఇదంతా మొన్న రాసుకుని, ఎవరికైనా చదివి వినిపిద్దామని చూస్తే, ఆ కాలం మనిషి వదిన ఒక్కతే మిగిలింది. ఆళ్లగడ్డాయన పోయి చాలా ఏండ్లయింది. ఆమె ముందర చాటలో బుడ్డలు. ఒలుస్తూ వింటుండింది. రెండు వేల మంది కాడ నవ్వింది. బర్రెల కాడ "ఆ, అవి మావే" అనింది. రొట్టె కాడికి వచ్చేసరికి ఒలవడం ఆపింది. ఆఖరున, చేను కోసం వీధి అంతా దీపానికి వేసిందని నేను కాగితం మడిచినాక, చాట పక్కకు జరిపింది.

"చేను కోసమని ఎవరు చెప్పినారు నీకు?"

"జట్టు పెద్దే చెప్పినాడు గద వదినా. బరువు ఎవని మీద పడితే..."

"బరువు పెట్టింది నువ్వు. చేను కోసమైతే మేమిద్దరం వేస్తే చాలు, నువ్వే చెప్తివి గదా. నలుగురు వినేట్టు మా వాకిట్లో నిలబడి, మీరిద్దరూ అటు, మేమంతా ఇటు అంటివి. ఆ పెట్టెలో రెండే రెండు చీటీలు పడుంటే అవి ఎవరివో నంద్యాలంతా తెలిసేది. నీకూ మీ అమ్మకూ ఎట్లుండిందో నీకు తెలియదా? ఆయప్ప మళ్ళీ జట్టులో కూర్చోని సంగటి తినగలుగుతాడా? నువ్వు రొట్టె తిని అట్ల పోతివి, జట్టు పెద్ద ఇట్ల లేసి, ఒకణ్ణి బొంగు కింద వదిలిపెట్టి రమ్మంటాండాడు ఈ పిల్లోడు, అందరూ దీపానికే వేయండి అనె. అంతే జరిగింది. నీ మాట మీద రెండు వేల మంది కదిలినారో ల్యాదో నాకు తెలియదు గానీ అబ్బీ, మా వీధి కదిలింది మాత్రం నీ మాటకే. అది కొట్టేసి, ఇది రాయి."